జిప్సం వేయించిన రోజులు

వేరుశనగ కాయలు వేయించడంలో నా చేతికి మా ఊళ్లో పేరుండేది. ఇనుప బాణలిలో ఇసుక పోసి, కాయలు వేసి, సన్న మంటతో మొదలుపెట్టి, చివర్లో మంట ఎగదోసి, గింజలో పచ్చి తడి అన్నదే మిగలకుండా దించేదాన్ని. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్తగారు నోరారా మెచ్చుకున్నది ఈ ఒక్క పనినే. ఆ మెప్పు నెత్తికెక్కి కూర్చుంది. పొయ్యి దగ్గర ఎవరైనా నాకు సలహా చెప్పబోతే కళ్లతోనే కసిరేదాన్ని. నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన అంటాడు. నిజమే, కానీ ఆ మాట ఆయన అన్నా నాకు కోపమే వస్తుంది.

మాది కన్నడ రాష్ట్రం వైపు, పావగడ తాలూకాలో వల్లూరు పక్కన ఉన్న ఊరు. ఇల్లు దాటి కొంచెం నడిస్తే ఇప్పుడు కనిపించేవి సోలారు ప్యానెళ్లే. మా పొలం కూడా వాటి కిందే ఉంది. ఎవరైనా చుట్టాలొచ్చి మీ పొలం ఏదని అడిగితే చెయ్యి అటువైపు ఊపుతాను గానీ, ఫలానా చోట అని చూపించలేను. గట్లు తీసేశారు, చింతచెట్టు తీసేశారు, కంచె వేశారు. భూమి అద్దె మాత్రం ఏటా బ్యాంకులో పడుతుంది. ఆ అద్దెతోనే మేడ కట్టుకున్నాం, టైల్సు వేయించుకున్నాం. చేతికి మట్టి అంటకుండా అన్నం తింటున్నాం.

భూములిచ్చిన ఏడాది మా ఊళ్లో ప్రతి కొట్టంలోనూ జిప్సం బస్తాలు మిగిలిపోయాయి. వేరుశనగ పూతకొచ్చి, ఊడలు మట్టిలోకి దిగబోయే ముందు, మొక్క మొదట్లో జిప్సం చల్లి మట్టి ఎగదోయాలి. లేకపోతే కాయ నిండదు, లొట్టపోతుంది. అందుకని అందరూ ముందే తెచ్చి పెట్టుకునేవాళ్లు. ఆ ఏడు విత్తనమే పడలేదు. అద్దాల కింద జిప్సం ఎవరు చల్లుతారు? బస్తాలు అట్లాగే గోడకానుకొని ఉండిపోయాయి. కోళ్లు వాటి మీద ఎక్కి కూర్చునేవి. నేను వాటిని తోలినప్పుడల్లా, ఇంత సరుకు ఊరికే పోతోందే అని ప్రాణం ఉసూరుమనేది.

మా పొలంలో ఆ జిప్సం చల్లే పనికి ఎప్పుడూ ముందుండేది చిన్నత్త. మా అత్తగారికి దూరపు చెల్లెలు, నాకు అత్త వరస. ఆమెకు సెంటు భూమి లేదు. మా పొలంలో, పక్క పొలాల్లో కూలికి పోయి పిల్లల్ని పెంచింది. వరసకు అత్త, వయసుకు పెద్ద, అయినా నన్ను ఎప్పుడూ అమ్మా అనే పిలిచేది. కూలి ఇచ్చే ఇంటి కోడల్ని కదా. ఆ పిలుపు నాకు అప్పట్లో గౌరవంగానే తోచేది, దాని వెనక వేరే లెక్క ఏదైనా ఉందా అని ఆలోచించలేదు.

భూములు పోయినాక, అద్దె మా లాంటి వాళ్లకొచ్చింది గానీ చిన్నత్తకు రాలేదు. భూమి ఉన్నవాడికి అద్దె. భూమిలో పనిచేసిన వాళ్లకు ఏమీ లేదు. ప్యానెళ్లు కడిగే పనికి పోయి అడిగింది. భూములిచ్చిన ఇళ్ల వాళ్లకే ముందు అన్నారట, పైగా వయసెక్కువ అన్నారట. వై.ఎన్.హొసకోటలో ఒక మేస్త్రీ బెంగుళూరికి ఆడకూలీలను తీసుకుపోతున్నాడు, ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోయడానికి. ఆమె ఆ మేస్త్రీకి సరేననబోతోందని మా ఆయన చెప్పాడు. మనవరాలు మా ఊరి ఇస్కూల్లో చదువుతోంది. ఆ పిల్లను ఎవరింట్లో వదిలిపోవాలా అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతోందట.

నాకు ఆ మాట విన్నప్పుడు నిజంగానే జాలేసింది. మంచిపని చేసి చూపించాలన్న ఉబలాటం కూడా దాని వెంటే వచ్చింది. రెంటినీ విడదీసి చెప్పలేను. అప్పటికి నేను మా ఆడవాళ్ల సంఘాన్ని ముందుండి నడిపే మనిషిని. సంఘం కూర్చున్న రోజున నిలబడి, మనం చాక్‌పీసులు చేద్దామన్నాను.

నేను మడకశిర వైపు నుంచి వచ్చినదాన్ని. తెలుగు మీడియంలో పదో తరగతి పాసయ్యాను. సైన్సులో మంచి మార్కులు వచ్చేవి, అది ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే నేనే చెప్పేదాన్ని. జిప్సంను వేడిచేస్తే దానిలోని నీరు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుందని, దానితోనే చాక్‌పీసులు, బొమ్మలు చేస్తారని, చెయ్యి విరిగితే కట్టే సిమెంటు కట్టు కూడా అదేనని సంఘంలో అందరికీ పాఠం చెప్పాను. జిప్సం చూడ్డానికి ఎండు పొడే అయినా లోపల నీళ్లు బంధించుకొని ఉంటుందని చెప్తే ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది నాకు గుర్తులేదు. గుర్తులేదన్న సంగతి చెప్పలేదు.

"నువ్వు బెంగుళూరికి పోవద్దు చిన్నత్తా," అన్నాను, అందరి ముందూ. "ఈ పని నిలబడుతుంది. నిలబడేదాకా నీ కూలి మా ఇంట్లోంచి ఇస్తా."

"నువ్వు చెప్తే సరేలేమ్మా," అంది.

మా ఊరి ఇస్కూలుకు మొదట ఊరికే ఇవ్వాలని, బాగున్నాయంటే చుట్టుపక్కల ఇస్కూళ్లు కొనుక్కుంటాయని అనుకున్నాం. ఇస్కూలు కమిటీకి అధ్యక్షుడు మా ఆయనే. కాబట్టి హెడ్ మేష్ట్రు కాదనే ప్రశ్నే లేదు. కాదనలేకపోవడం మంచిది కాదని అప్పుడు నాకు తట్టలేదు.

పెరట్లో పెద్ద పొయ్యి పెట్టాం. జిప్సం గడ్డలు నలగ్గొట్టి, జల్లెడ పట్టి, బాణలిలో పోశాం. చిన్నత్త తెడ్డుతో కలియబెడుతోంది. కొంచెం సేపటికి ఆ పొడి కదలడం మొదలుపెట్టింది. లోపలి నుంచి ఆవిరి తన్నుకొచ్చి, పొడంతా బుడబుడమని ఉడకసాగింది. చుక్క నీళ్లు పోయని పొడి గంజిలాగా ఉడుకుతోంది. తెడ్డు పెడితే పాలలో పెట్టినట్టు తేలిగ్గా తిరుగుతోంది. పైన స్టీలు పళ్లెం పట్టుకుంటే దాని నిండా నీటి చుక్కలు. ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి చూశారు. ఆ చుక్కల్ని నేనే చేయించినట్టు పళ్లెం తిప్పి తిప్పి చూపించాను.

తరవాత ఆ ఉడుకు తగ్గింది. పొడి కిందికి దిగి నెమ్మదించింది. అక్కడ దించి ఉంటే ఈ కథ లేదు. కానీ నాది వేరుశనగ కాయలు వేయించిన చెయ్యి. తడి మిగిలితే సరుకు చెడుతుందన్నది నాకు తెలిసిన ఒకే ఒక సూత్రం. పళ్లెం మీద ఇంకా సన్నగా చెమ్మ కనిపిస్తోంది. "ఇంకా పచ్చిగా ఉండాది, మంట ఎగదోయండి," అన్నాను. కంపకట్టెలు ఎగదోశాం. బాణలి అడుగు ఎర్రబడింది. పళ్లెం మీద ఆవిరి మచ్చ కూడా పడనంత వరకూ, ముఖాలు కమిలిపోయేంత వరకూ వేయించాం. ఎవరూ వద్దనలేదు. నేను ఎవరినీ అడగనూ లేదు.

చల్లారినాక నీళ్లు కలిపి అచ్చుల్లో పోశాం. ప్లాస్టర్ అంటే పోసిన కాసేపటికే గట్టిపడాలి. ఇది సాయంత్రానికీ బురదలాగే ఉంది. మర్నాడూ అంతే. ఎండలో పెడితే ఆరింది గానీ, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. నేను తగ్గుతానా? మరుసటి సారి గంజి కలిపించాను. ఆ గంజి పట్టుకు కడ్డీలు విరగకుండా నిలబడ్డాయి. తెల్లగా, నున్నగా, చూడ్డానికి అచ్చం కొన్నవాటిలాగే ఉన్నాయి. మిఠాయి డబ్బాల్లో వరసగా పేర్చి, రంగు కాగితం చుట్టి, మేమంతా మంచి చీరలు కట్టుకొని ఇస్కూలుకు పోయాం.

హెడ్ మేష్ట్రు తుమకూరు వైపు మనిషి. ఇంట్లో కన్నడం, మాతో మాట్లాడేటప్పుడు సగం కన్నడం సగం తెలుగు. ఒక కడ్డీ తీసి బోర్డు మీద ఏదో చిన్నగా గీశారు. మాకు వీపు పెట్టి నిలబడ్డారు కాబట్టి ఏం పడిందో కనపడలేదు. తిరిగి నవ్వుతూ, "చెన్నాగుందమ్మా, చానా చెన్నాగుంది," అన్నారు. చెన్నాగుందంటే బాగుందని. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చిన్నత్త వైపు చూసి, "ఏమత్తా, బాగుండాదా?" అన్నాను.

"బాగుండాదమ్మా," అంది.

ఆ తరవాత కొన్ని నెలలు నేను నేల మీద నడవలేదు. మేం వేయించేవాళ్లం, గంజి కలిపేవాళ్లం, డబ్బాలు నింపి పంపేవాళ్లం. పెళ్లిళ్లకు పోతే అక్కడ కూడా జిప్సం గురించే చెప్పేదాన్ని. పుట్టింటికి పోయినప్పుడు మా అన్న ముందు ఒక డబ్బా పెట్టి, చూడు మీ చెల్లెలు ఏం చేస్తోందో అన్నాను. పక్క ఊళ్ల ఇస్కూళ్ల నుంచి ఇంకా ఎవరూ ఎందుకు అడగడం లేదని మాత్రం అప్పుడప్పుడు మనసులో మెదిలేది. వాళ్లకు ఇంకా తెలిసి ఉండదులే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కొత్త డబ్బాలు ఇద్దామని చెప్పకుండా ఇస్కూలుకు పోయాను. ఆవరణలో కబడ్డీకి గీతలు గీస్తున్నారు. ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు మిలమిల మెరుస్తున్నాయి. ముగ్గుపిండి ఎంత తెల్లగా ఉందో అనుకుంటూ దగ్గరికి పోయాను. మెట్ల పక్కన ఇద్దరు పిల్లలు కూర్చొని, రాయితో ఏదో నలగ్గొట్టి రేకు డబ్బాలోకి ఎత్తుతున్నారు. వాళ్ల పక్కన రంగు కాగితం చుట్టిన మిఠాయి డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నీ నా చేత్తో కాగితం చుట్టినవే.

డ్రిల్లు మేష్ట్రు నన్ను చూసి చేతిలో ఉన్న రేకు డబ్బా ఎక్కడ దాచాలో తెలియక నిలబడిపోయాడు. పాపం మంచివాడు. ఏదో ఒకటి అనాలని, "చానా మంచి పొడమ్మా ఇది. తాలూకాలో ఇంత తెల్ల గీతలు ఇంగ ఏ ఇస్కూల్లోనూ లేవు," అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు. దానికన్నా ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే నయంగా ఉండేది.

అప్పుడైనా వెనక్కి తిరిగి రావలసింది. రాలేదు. తరగతి గది వైపు పోయాను. కిటికీలోంచి చూస్తే బోర్డు నిండా చక్కటి అక్షరాలు. బల్ల మీద హొసకోట అంగట్లో అమ్మే చాక్‌పీసుల పెట్టె. నన్ను చూసిన పిల్ల ఒకతి, "మేడమ్మ వస్తాండాది!" అని గట్టిగా అరిచింది. ఇంకొక పిల్ల గబుక్కున లేచి ఆ పెట్టెను పుస్తకాల కింద తోసేసి, అలమరలోంచి నా డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఎన్నిసార్లు చేసి అలవాటైన పనో, ఆ పిల్ల చేతులు ఒక్క క్షణం కూడా తడబడలేదు. లోపలికి పోయి నా డబ్బాలోంచి ఒక కడ్డీ తీసుకొని బోర్డు మీద నొక్కి గీశాను. కీచుమని గీరుకుంది, అక్షరం పడలేదు. ఇంకా నొక్కితే చేతిలోనే పొడయింది. పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వకూడదని వాళ్లకు ఎవరో చెప్పి ఉంచారు.

హెడ్ మేష్ట్రు ఎదురుపడకముందే బయటపడ్డాను. సిగ్గుతో ఒళ్లంతా మండిపోతోంది. ఇంటికొచ్చేసరికి పెరట్లో పొయ్యి మండుతోంది. చిన్నత్త ఒక్కతే ఉంది, తెడ్డు తిప్పుతూ.

"మన చాక్‌పీసులు రాయడం లేదు. నీకు తెలుసా?" అన్నాను.

ఆమె తెడ్డు ఆపలేదు. "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి డబ్బా పోయినప్పట్నుంచీ తెలుసు. మా పాప ఆడనే కదమ్మా చదివేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? చెప్తే నువ్వు పొయ్యి ఆర్పేస్తావు. పొయ్యి ఆరిపోతే నేను యాడికి పోవాల? మేస్త్రీ ఇంగా అడుగుతానే ఉండాడు." తెడ్డు ఇంకోసారి తిప్పి, "ఇటికెలు మోసే వయసా నాది?" అంది.

"ఊళ్లో ఎంతమందికి తెలుసు?"

"తెలీంది నీకొక్కదానికే. మీ ఆయప్పకు కూడా తెలుసు."

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. కోపం తెచ్చుకోవాలని చూశాను, అది నాకు తేలికైన పని. ఆ రోజు రాలేదు. రాయని చాక్‌పీసుల కోసం ఆమె ఎర్రటి ఎండలో మంట ముందు నిలబడి, రోజూ పొగ మింగింది. పనికిరాని పని అని తెలిసే చేసింది. నేను ఆమెకు బతుకుతెరువు చూపించానని ఊరంతా చెప్పుకున్నాను. ఆమె చేసిన పని మాత్రం నా గొప్పకు కాపలా.

మా ఆయన ఇంటికొచ్చాక నిలదీశాను. ఆయన కాళ్లు కడుక్కుంటూ, "ఇంట్లో పోట్లాటలు లేకుండా హాయిగా ఉండాది కదా అని ఊరుకున్నా," అన్నాడు. అన్నాక నా ముఖం చూసి, అన్నం అడక్కుండానే తనే పెట్టుకున్నాడు.

మర్నాడు చిన్నత్త వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. సంచీలో బట్టలు సర్దుకొని, మనవరాలిని ఎవరింట్లోనో ఉంచే మాట కూడా మాట్లాడుకొని, చివరిసారి అడిగి పోదామని వచ్చింది. "పోయిరమ్మంటావా అమ్మా?" అంది, గడప బయటే నిలబడి.

"లోపలికి రా. పొయ్యి వెలిగిద్దాం," అన్నాను. ఆ మాట అనడానికి నా దగ్గర ఏ ధైర్యమూ లేదు. కానీ ఆమెను బస్సెక్కించి, ఆ తరవాత నేను నా మేడలో కూర్చొని అన్నం తినలేననిపించింది.

ఈసారి బాణలి నిండా పోయలేదు. గుప్పెడు పొడి చిన్న మూకుట్లో వేసి, సన్న మంట మీద పెట్టాను. ప్రతి దశలోనూ ఒక చెంచాడు తీసి పక్కన పెడుతూ పోయాను. ఉడుకు మొదలైనప్పుడు ఒకటి, బాగా ఎగిరేటప్పుడు ఒకటి, నెమ్మదించినప్పుడు ఒకటి, ఆ తరవాత మంట పెంచి ఇంకొకటి. "ఇప్పుడు దించితే బాగుంటుందా?" అని చిన్నత్తను అడిగాను. "నీ ఇష్టమమ్మా," అంది. ఇంకొకసారి అడిగాను. మళ్లీ అదే మాట. నాకు నిజంగా ఒక మనిషి అభిప్రాయం కావలసివచ్చిన రోజున, అది నాకు దొరకలేదు. అంతకాలం ఎవరినీ చెప్పనివ్వలేదు కదా, ఇప్పుడు అడగ్గానే ఎక్కణ్నుంచి వస్తుంది?

చల్లారినాక సోడా మూతల్లో ఒక్కొక్క పొడినీ విడివిడిగా పోసి నీళ్లు కలిపాను. మొదటిది ఊరికే తడి పిండిలా ఉండిపోయింది. అది ఇంకా జిప్సమే, తన నీళ్లు తన దగ్గరే ఉన్నాయి, కొత్త నీళ్లతో దానికి పనిలేదు. బాగా కాల్చింది కూడా గట్టిపడలేదు. దానిలోని నీళ్లన్నీ పోయాయి, మళ్లీ నీళ్లు పోసినా పట్టించుకోవడం లేదు. నేను నెలల తరబడి బస్తాలు బస్తాలు చేసింది ఇదే. ఉడుకు నెమ్మదించగానే తీసింది మాత్రం నా కళ్ల ముందే చిక్కబడింది. లోపలి నీళ్లలో ఎక్కువ భాగం పోవాలి, కొంచెం మిగిలి ఉండాలి. ఆ కొంచెం మిగిలినప్పుడే అది మళ్లీ నీళ్లు తాగి, మళ్లీ జిప్సంగా మారి రాయిలా బిగుస్తుంది. పుస్తకంలో కూడా అంతే రాసి ఉంటుంది, వేడి ఎంతో కూడా రాసి ఉంటుంది. నీరు పోతుంది అన్న ముక్క నేను గుర్తుపెట్టుకున్నాను, కొంత ఉండాలన్న ముక్క వదిలేశాను.

మూత మీద వేలు పెట్టాను. వెచ్చగా ఉంది. కాసేపటికి ఇంకా వెచ్చబడింది. పొయ్యికి ఎంతో దూరంగా పెట్టిన మూత అది. పొయ్యి మీద అంతసేపు తాగిన వేడిని, గట్టిపడేటప్పుడు తిరిగి ఇస్తోంది.

"చిన్నత్తా, ఇది పట్టుకో," అన్నాను.

ఆమె మూత తీసుకొని ఉలిక్కిపడింది. "ఓయమ్మా! కాగుతాండాదే!" అని, అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకొని, నవ్వేసి, "మంట లేకుండా ఎట్ల కాగుతాండాది మే ఇది?" అంది. నన్ను మే అంది. ఇన్నేళ్లలో మొదటిసారి, తన కూతురిని పిలిచినట్టు పిలిచింది. ఆ పిలుపు తన నోట్లోంచి వచ్చిందని ఆమెకే తెలియలేదు.

ఆ వారంలో కొత్త కడ్డీలు పోశాం. వేరుశనగ బాణలి పక్కన పెట్టేసి, చిన్న మూకుళ్లలో కొంచెం కొంచెంగా వేయించాం. తొందరలో ఒక బకెట్టు పాడయింది. ముందటి సారి గట్టిపడిన ముక్కలు గీకకుండా అందులోనే మళ్లీ కలిపాం, పోసేలోపలే మొత్తం బిగుసుకుపోయింది. బకెట్టు కడిగి కడిగి వాడాలని అట్లా తెలిసింది. గంజి మానేశాం. కడ్డీలు అచ్చులోంచి టక్కుమని ఊడివచ్చాయి. ఇంట్లో గోడకున్న పాత పలక మీద గీస్తే అక్షరం తెల్లగా, మెత్తగా పడింది.

డబ్బా తీసుకొని ఇస్కూలుకు పోయాను, చిన్నత్తను వెంటబెట్టుకొని. హెడ్ మేష్ట్రు నా ముఖంలోకి సూటిగా చూడలేకపోయారు. ఆయనను నేను ఎన్ని నెలలు ఇబ్బంది పెట్టానో అప్పుడు అర్థమైంది. చాక్‌పీసుల కోసం ఆయన తన జేబులోంచి పెట్టుకున్నారు. క్షమించమని అడిగాను. "ఏయ్, అదేం లేదమ్మా," అంటూ కడ్డీ తీసుకొని బోర్డు మీద రాశారు. ఈసారి పక్కకు జరిగి మాకు కనపడేలా రాశారు. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. "చెన్నాగుందమ్మా, చానా చెన్నాగుంది," అన్నారు.

అవే మాటలు, అదే నవ్వు. కళ్లెదుట అక్షరాలు కనపడుతుంటే కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. కడ్డీ నేను తీసుకొని పక్కన ఒక గీత గీసి చూసుకున్నాను. చిన్నత్త వైపు తిరిగి, "బాగుండాదా అత్తా?" అన్నాను.

"బాగుండాదమ్మా," అంది. మళ్లీ అమ్మా.

గొంతులో తేడా నాకు అప్పుడు తెలిసింది. మూత చేతిలో కాగినప్పుడు వచ్చిన గొంతు వేరు, ఇది వేరు. ఇది కూలి ఇచ్చే ఇంటి కోడలికి చెప్పే జవాబు. నిజంగా బాగున్నప్పుడూ బాగలేనప్పుడూ ఆమె నాకు ఇదే గొంతుతో చెప్పింది. మూత కాగినప్పటి గొంతు కోసం నేను ఎన్నడూ వెతకలేదు.

ఇంటికి తిరిగి వచ్చే దారి ప్యానెళ్ల కంచె వెంబడే. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని ఆమె నా పక్కనే నడుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. పొలం అద్దెకిస్తూ సంతకం పెట్టే ముందు రోజు, నేను ఆమెను అడిగాను. కళ్లంలో ఆమె చివరి మూటలు కడుతుంటే నిలబడి, "భూమి ప్యానెళ్లకు ఇచ్చేస్తాండాం అత్తా, నువ్వేమంటావు?" అన్నాను. ఆమె చేతులు దులుపుకొని, "బాగుండాదమ్మా, మంచి పనే," అంది. నాకు ఎంత తేలికపడిందో. మా పక్క పొలం వాళ్లు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నారప్పుడు. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి, పొలంలో పనిచేసే చిన్నత్తే బాగుందంటోంది, మీకేమొచ్చిందని దెప్పిపొడిచి మరీ ఒప్పించాను. వాళ్లూ సంతకం పెట్టారు. వాళ్ల పొలంలోనూ కూలి చేసేది ఆమే.

ఆ రోజు కళ్లంలో ఆమె ఏ గొంతుతో చెప్పిందో ఇప్పుడు నాకు స్పష్టంగా వినబడుతోంది.

"రేపు పొద్దున్నే వచ్చేదా అమ్మా?" అని అడిగింది పక్కన నడుస్తూ.

రమ్మన్నాను. ఆమె ముఖం చూసి మాత్రం చెప్పలేకపోయాను.